తిరగేసిన జేబులు

మరో వారంలో నేను న్యూజిలాండ్‌లో స్నేహితుడితో జింకల వేటకు వెళ్లాలి. అతని దగ్గరున్నది పాతకాలపు మిలటరీ రైఫిల్. ఏ తూటాలు కొనాలో తేలక నిద్ర పట్టలేదు. మా నగరంలోనే, బిషాన్ పేటలో అన్నయ్య పక్క ఫ్లాట్‌లో ఉండే అంకుల్ ఏటా అక్కడ వేటాడతారని తెలిసి అడిగాను.

"ఆర్మీ బుల్లెట్ వద్దు బాబూ. దూసుకుపోతుంది, జింక గాయంతో పారిపోయి ఎక్కడో యాతన పడి చస్తుంది. మెత్తని మొన ఉండే సాఫ్ట్ పాయింట్ కొను, లోపల విచ్చుకుంటుంది," అన్నారాయన కాఫీ కలుపుతూ. "గుర్తుకని పేలిన తూటా ఖాళీ తొడుగు కూడా ఇక్కడికి తేకు, ఇక్కడి చట్టం ప్రకారం కేసవుతుంది. ఆర్మీ ట్రైనింగ్‌లో మేం ఫైరింగ్ రేంజ్ నుంచి బయటికొచ్చే ముందు జేబులు తిరగేసి, తూటాలు గానీ తొడుగులు గానీ లేవని గట్టిగా చెప్పేవాళ్లం."

ఆయన చెప్పినవే కొన్నాం. జింక ఎదురుపడింది. ట్రిగ్గర్ మీద నా వేలు కదల్లేదు.

ఒక్కటీ పేల్చలేదు. అయినా తిరిగొచ్చి చాంగీ విమానాశ్రయంలో దిగాక, కస్టమ్స్ తనిఖీ వరుసలో నిలబడి జేబులు తిరగేసుకుంటూనే ఉన్నాను.