టీవీలో బాపు సన్నబడిన ఎండాకాలం

ఆ ఎండాకాలం మా ఇంట్లో పోయినవి లెక్కబెడితే ఇవి: పైకప్పు పెంకులు పద్నాలుగు, ఫ్యూజు తీగ ఒక ఉండ, కొన్న నెలకే మూలన పడ్డ చిన్న స్టెబిలైజరు ఒకటి, మా తమ్ముడి పెండ్లి క్యాసెట్లో రెండు నిమిషాల టేపు. పెంకులు మళ్లీ కప్పించాం. టేపు మాత్రం తిరిగి రాలేదు. బాపు, అంటే మా నాన్న, పందిట్లోంచి వాకిలి దాకా నడిచింది ఆ రెండు నిమిషాల్లోనే.

మా ఊరు చిల్పూరు దగ్గర. చెరువు కన్నా బావుల మీదే మా ఎవుసం. అరవై తొమ్మిదిలో తెలంగాణ ఉద్యమానికి బడులు మూసినప్పుడు నా చదువు ఆగింది. మళ్లీ తెరిచినా నేను పోలేదు. ఎక్కాలు, కొలతలు, మోటారు ఎంత కరెంటు గుంజుతుందనే లెక్కలు అన్నీ బావి గట్టున నేర్చుకున్నవే.

తమ్ముడి పెండ్లి ఎనభైల నడుమ అయింది. వీడియో తీయడానికి జనగామ నుంచి ఒక మనిషిని పిలిపించాం. బాపు అంతకు ముందు చూసింది ఫోటో కెమెరానే. వీడియో తన వైపు తిరగగానే చేతులు కిందికి జార్చి, ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. ఆ మనిషి నడవమని బతిమాలితే తప్ప కదల్లేదు. పెండ్లయిన మూడు నెలలకు బాపు పోయాడు.

అవ్వ, అంటే మా అమ్మ. ఆమె కండ్లకు అప్పటికే మోతిబిందు వచ్చి చూపు మసకబారింది. ఆపరేషన్ చేయాలని దవాఖానలో రోజు కూడా చెప్పారు. మా ఊళ్లో ఒకామెకు ఆపరేషన్ తర్వాత ఉన్న చూపు కూడా పోయింది. అందుకే అవ్వ ఒకటే పట్టు పట్టింది. కత్తి పెట్టించుకునే ముందు క్యాసెట్లో బాపును ఒకసారి చూడాలి. జనగామ తీసుకుపోయి ఆ వీడియో దుకాణంలోనే చూపిస్తానన్నాను. మొగుడు పోయి ఏడాది తిరగని మనిషి దుకాణంలో కూర్చుని బొమ్మ చూసిందంటారని ఒప్పుకోలేదు.

చూపిస్తే ఇంట్లోనే చూపించాలి. టీవీ ఉంది, వీసీఆర్ జనగామలో కిరాయికి దొరుకుతుంది. చిక్కంతా బొమ్మతోనే. పొద్దుగూకితే చాలు, తెరకు నాలుగు పక్కలా నల్లటి అంచులు కట్టి బొమ్మ నడిమిట్లోకి ముడుచుకునేది. ఆపైన వంకర తిరిగి పైకి పాకిపోయేది. మొదట యాంటెనాది తప్పనుకున్నాం. తమ్ముడు రోజూ ఇంటి పైకెక్కి దాన్ని తిప్పేవాడు. పెంకులు పగిలింది అప్పుడే. తర్వాత టీవీని దుప్పట్లో చుట్టి జనగామ మెకానిక్ దగ్గరికి బస్సులో తీసుకుపోయాను. అతని బల్ల మీద బొమ్మ అద్దంలా వచ్చింది.

"టీవీ మంచిగనే ఉందన్నా. మీ ఊరే మంచిగ లేదు," అన్నాడు.

మా ఊళ్లో ఓల్టేజీ పడిపోతుందని, స్టెబిలైజరు పెట్టమని చెప్పాడు. చిన్నది కొన్నాను. ఓల్టేజీ నూట డెబ్బైకి పడేదాకానే అది పనిచేస్తుందని డబ్బా మీద రాసి ఉంది. మా ఇంటికి ఎన్ని ఓల్టులు వస్తున్నాయో కొలవకుండానే దాన్ని నమ్మి వీసీఆర్ తెచ్చాను. అయినవాళ్లంతా వచ్చి కూర్చున్నారు. బాపు తెర మీదికి వచ్చాడు. రెండు పక్కల నుంచీ ఎవరో నొక్కినట్టు చెరుకు గడంత అయ్యాడు.

"మీ బాపు గంత సన్నగ లేకుండె గద బిడ్డా," అంది అవ్వ.

స్టెబిలైజరు టకటక కొట్టుకుంది. బాపు నడవడం మొదలుపెట్టగానే వీసీఆర్ నీరసించి టేపును నమిలేసింది. మెకానిక్ నలిగిన ముక్కను కోసి మిగతాది అతికించి ఇచ్చాడు.

ఆ తర్వాత కొలవడం మొదలుపెట్టాను. మా మోటారు స్టార్టరు పక్కనుండే ఓల్టు మీటరు విప్పి తెచ్చి, ఇంట్లో టీవీ పక్కన గోడకు కొట్టాను. పగలంతా కరెంటు కోత. మోటార్లకు కరెంటు ఇచ్చే పొద్దుగూకే వేళే ఇండ్లకూ వచ్చేది. రెండు వందల ముప్పై చూపాల్సిన ముల్లు రోజూ ఆ వేళ నూట నలభై దగ్గర నిలబడేది. మహబూబాబాద్‌లో మోటార్లు చుట్టే ఒకాయన మనం చెప్పిన కొలతకు స్టెబిలైజర్లు కూడా చేసిస్తాడని విని, నూట ముప్పై దాకా పడినా తట్టుకునేట్టు పెద్దది చుట్టించుకొచ్చాను. మినుముల బస్తా అంత బరువు. వారం రోజులు టీవీ చూశాం. బొమ్మ నిండుగా వచ్చింది.

ఆపరేషన్ ఇంక నాలుగు రోజులుందనగా మళ్లీ వీసీఆర్ తెచ్చాను. తెల్లారి దాన్ని వాపసు ఇచ్చేయాలి. పాలోళ్లు, మా దాయాదులంతా మళ్లీ వచ్చారు. క్యాసెట్ వేసిన కాసేపటికే నల్ల అంచులు కట్టాయి. మీటరు చూస్తే నూట పదిహేను. టేపు నలగకముందే ఆపేశాను.

వారమంతా నూట నలభై ఉన్న ముల్లు ఈ ఒక్కరోజే ఎందుకు పడిందో తోచలేదు. వాకిట్లో ఎదురుగా పెద్దబాపు కూర్చుని ఉన్నాడు, మా బాపుకు అన్న. ఆయన కాళ్లకు మోకాళ్ల దాకా తడి బురద. అది చూసి మోటారు నడుస్తోందా అని అడిగాను.

"నడవక ఏం జేస్తది? నీళ్లు మడికి తిప్పి వచ్చిన. బొమ్మ అయిపోయేసరికి మడి పారుతది."

మిగతావాళ్లనూ అడిగాను. అందరిదీ అదే మాట. మా ట్రాన్స్‌ఫార్మర్ మీద మొత్తం పది మోటార్లు, ఒకటి మాది. మామూలు రోజుల్లో కొందరు ముందు పారించుకుంటారు, కొందరు తర్వాత. ఎవరి గట్టు వాళ్లు కాచుకుని, పని కాగానే మోటారు బంద్ చేసి ఇంటికొస్తారు. బాపును చూడాలని ఆ రోజు అందరూ ఒక్కసారే పెట్టి వచ్చారు. మాదీ నడుస్తూనే ఉంది. పదీ ఒక్కసారే గుంజితే ముల్లు పడక ఏం చేస్తుంది. సంగతి చెబితే మా చిన్నాయన కొడుకు నవ్వాడు.

"గట్లయితే ఇంకో ఇద్దరొస్తే బొమ్మ అగ్గిపెట్టెంతయితదన్నట్టు."

ఒక్క గంట మోటార్లు ఆపమని అడిగాను. బదులుగా గంటకు గంట మా బావి నీళ్లు వాళ్ల మడికి పారిస్తానన్నాను. నీళ్ల బదులు మా దిక్కు మామూలే. ఎనిమిది మంది లేచి బ్యాటరీ లైట్లు పట్టుకుని బావుల దిక్కు పోయారు. తమ్ముడు మాది ఆపడానికి ఉరికాడు. నేను మీటరు ముందు నిలబడ్డాను. ఒక్కో మోటారు ఆగినప్పుడల్లా ముల్లు జరంత పైకి లేచేది. నూట ఇరవై ఎనిమిది దగ్గర ఆగిపోయింది.

పెద్దబాపు లేవలేదు. ఆయనది ఊళ్లోకెల్లా పెద్ద మోటారు. యాసంగి వరి పొట్ట మీదుంది, బావిలో నీళ్లు అడుగంటాయి, కరెంటు ఉండేది ఆ కాసేపే.

"పొట్ట మీదున్న మడి కొడుకా. గియ్యాల తడి అందకుంటే తాలు పోతది," అన్నాడు. అది నిజమే.

మా అవ్వ పెద్దబాపుతో నేరుగా మాట్లాడేది కాదు. మొగుని అన్న ఎదుట గొంతెత్తకపోవడం మా ఇండ్లలో పద్ధతి. ఆయన అదే వాకిట్లో వింటూ ఉన్నా, ఆమె మాట మాతో చెప్పినట్టే చెప్పేది. ఆ రోజు కూడా తలుపు చాటు నుంచి నాతోనే అంది.

"కొడుకా, మీ పెద్దబాపును లెవ్వొద్దను. పంట ఎండబెట్టుకోవద్దను. నేను గా సన్నగున్నోన్నే చూస్త."

పెద్దబాపు కండువా దులుపుకుని, చెప్పులు వేసుకుని, చీకట్లోకి పోయాడు. ఆయన బావి దూరం. అందరం ముల్లు వైపే చూస్తున్నాం. నూట ముప్పై దాటింది, నూట యాభై దాటి నిలబడింది.

అవ్వ తెరకు జానెడు దూరంలో కూర్చుంది. నడిచిన ముక్క పోయింది కాబట్టి మిగిలింది నిలబడ్డ బాపే. నిండు మనిషి, వెడల్పు భుజాలు, కట్టె బిగిసినట్టు. దీని కోసమా ఇంత చేసింది అని నాకు మనసులో కష్టమైంది. అంతలో గాలికి బాపు కండువా కొస లేచింది. ఆయన రెప్ప కొట్టాడు.

"కదిలిండు," అంది అవ్వ.

వెనక్కి తిప్పమంది. తిప్పాను. మళ్లీ తిప్పమంది. ఒక్క గంటని అడిగింది కరెంటు పోయేదాకా రెండు గంటలయింది. గంట కాగానే మిగతావాళ్లు ఒక్కొక్కరే పోయి మోటార్లు పెట్టుకున్నారు. ఆ బరువును స్టెబిలైజరు మోసింది. పెద్దబాపు మాత్రం బావి దగ్గరే కూర్చుని, కరెంటు పోయేదాకా స్టార్టరు ముట్టలేదని తెల్లారి తెలిసింది.

అవ్వకు ఆపరేషన్ బాగానే అయింది. ఎనిమిది మంది నీళ్లు ఆ నెలలోనే తీర్చాను. పెద్దబాపు మడిలో ఒక మూల తాలు పోయింది. మా కాలువను ఆయన మడికి తిప్పడానికి పోతే గట్టు మీద నిలబడి అడ్డం పెట్టాడు.

"మా తమ్ముడు రెప్ప కొట్టిండట గద. దానికి బదులేంది పిలగా, పో," అన్నాడు.

ఆ తర్వాత ప్రతి యాసంగికీ అడిగాను, ప్రతిసారీ చూద్దాం తియ్యి అనేవాడు. ఆయన పోయాక కొడుకులను అడిగితే, తమకు బోర్లున్నాయని, ఆ బావి పూడ్చేశామని చెప్పారు. పెద్దబాపుకు మా బావి నీళ్లు రెండు గంటలు ఇప్పటికీ బాకీ.