ఈరన్నకు ఆపిన నూలు

ఈ మాటను ఇన్నేళ్లూ గొంతులో ముల్లులా పెట్టుకుని తిరిగాను. నా భార్యకు కూడా చెప్పలేదు. నువ్వెవరో నాకు తెలియదు. అందుకే నీకు చెబుతున్నాను.

ఆదోనిలో మాది పత్తి, నూలు వ్యాపారం. ఎమ్మిగనూరు మగ్గాలకు నూలిచ్చి బట్ట నేయించుకునేవాళ్లం. అంతకంటే పెద్ద పేరు నా ధ్యానానికి ఉండేది. కూర్చుంటే గంటల తరబడి కదిలేవాణ్ణి కాదు, మనసులో ఒక్క తలపైనా మెదిలేది కాదు. ఆత్మజ్ఞానం కలిగిందని జనం అన్నారు. నేనూ నమ్మాను. నమ్మితే ఎంత హాయి!

ఒక పొద్దున, పదిమంది ఎదురుగా కూర్చుని ఉండగా కళ్లు తెరిచాను. బట్ట అప్పజెప్పడానికి వచ్చిన నేతగాడు ఈరన్న నవ్వుతూ నిలబడి ఉన్నాడు. నాకంటే పెద్దవాడు, తనూ ధ్యానం చేసేవాడే.

"లోపల ఏముండాదప్పా?"

"ఏమీ లేదు. అంతా శాంతం."

"అది లయమప్పా. మనసు పండుకుండాది, సావలేదు. నిద్రపోయినోడు గూడా ఎవురినీ తిట్టడు. లేసినాక కోపమొస్తాందా లేదా, అది సూసుకో."

కోపం అక్కడే వచ్చింది. అతను చెప్పింది నిజమని కూడా అక్కడే తెలిసింది.

ఏం చేశాను? ఈరన్న మా నూలు కాజేసి, బట్టకు గంజి దట్టంగా పట్టించి తూకం సరిపెట్టాడని బజారంతా చెప్పాను. నిజానికి గంజి సరిగ్గానే ఉంది. కానీ ఆ మాట పడ్డాక నేతగాడికి ఇంకెవరూ నూలివ్వరు. పైగా యుద్ధం రోజులు, నూలుకే కరువు.

ఆ సాయంత్రం ధ్యానానికి కూర్చున్నాను. మనసు కలవరపడుతుందేమో అనుకున్నాను. ఎన్నడూ లేనంత తొందరగా నిలిచింది. ఇంత శాంతంగా ఉన్నానంటే నేను చేసింది తప్పు కాదన్నమాట, అని తీర్మానించుకున్నాను. ఎంత గడుసువాణ్ణి! పాపం చేసి, దానికి నా శాంతాన్నే సాక్ష్యానికి పిలుచుకున్నాను.

రెండు నెలలకు ఈరన్న ఎమ్మిగనూరు నుంచి నడిచి వచ్చాడు. మగ్గం అమ్మేశాడట. అరుగు కింద ఎండలో నిలబడి, "నేను దొంగను కాదని ఒక్క మాట సెప్పప్పా, సాలు" అన్నాడు. నేను కళ్లు మూసుకున్నాను. ఆ తర్వాత నిజంగానే ఏమీ వినబడలేదు. నటించి ఉంటే కాస్త నయమేమో. కళ్లు తెరిచేసరికి పొద్దు వాలింది, అతను లేడు. ఈయన్ను ఏదీ కదిలించదని పక్కవాళ్లు మెచ్చుకున్నారు.

ఆ ఎండాకాలంలోనే, ఉరుకుంద దారిలో రాళ్లు కొట్టే కూలికి పోయి, ఈరన్న అక్కడే పడి చనిపోయాడు. కబురు తెలిసిన రోజు కూడా కూర్చున్నాను. మనసు నిలిచింది. అప్పుడు మొదటిసారి నన్ను చూసి నాకే భయమేసింది.

క్షమించమని అడగను. అడగాల్సినవాడు లేడు. అతని పిల్లల్ని ఎమ్మిగనూరులో ఇంకా గంజిదొంగ పిల్లలనే పిలుస్తున్నారు, నేను వింటూనే ఉన్నాను.

ఈరన్న ఒక్క పోగు కూడా తీయలేదు. అబద్ధం నాది. ఇది రాస్తుంటే మనసు ఒక్క క్షణం కూడా నిలవడం లేదు. నాకు అదే కాస్త ఊరటగా ఉంది.