అయ్యవారి మాటకు నా గొంతు

మైపాడు పక్కనే మా పల్లె. తెప్పలు ఒడ్డుకు వచ్చాక చేపల్ని ఇసుకలో కుప్పలు పోసి వేలం పాట పెడతారు. ఎవరు ఎంతకు అడిగారో అందరికీ వినపడేలా అరిచి చెప్పడానికి ఒక మనిషి ఉండాలి. మా ఆయన బతికున్నన్నాళ్ళూ ఆ పని ఆయనదే. ఆయన పోయాక పెద్దలు నన్ను నిలబెట్టారు. నా గొంతు ఆయన గొంతు కన్నా పెద్దదని ఊరందరికీ ముందే తెలుసు. మా ఇంట్లో గోడలు తాటాకువి కదా.

నిలబెట్టారే గానీ పూర్తిగా ఇవ్వలేదు. ఆడమనిషి, చూద్దాం అన్నారు. మా మరిదికి ఆ పని మీద మొదటినుంచీ ఆశ. రోజూ పొద్దున కుప్ప పక్కన చేతులు కట్టుకుని, నేను ఎక్కడ తడబడతానా అని చూస్తూ నిలబడేవాడు.

ఆ పనికి కట్టుబాటు ఒక్కటే. అడిగినవాడు ఏ మాట అంటే ఆ మాటే చెప్పాలి. ఒక మాట కలిపినా, ఒక మాట మింగినా మర్నాటి నుంచి ఎవరూ మన నోటిని నమ్మరు. దానికి చదువుతో పనిలేదు. నాకు వచ్చింది సంతకం ఒక్కటే. నెల్లూరు బస్సయినా బోర్డు మీద మొదటి అక్షరం చూసి ఎక్కేస్తాను, మిగతా అక్షరాల సంగతి కండక్టరు చూసుకుంటాడు.

అరవైల్లో ఒక ఎండాకాలం నెల్లూరు నుంచి ఒక అయ్యవారు వచ్చి మా పల్లెలో దిగారు. కాలేజీలో పాఠాలు చెప్పి చెప్పి మానుకున్నాయన. ఉబ్బసం. సముద్రపు గాలి మంచిదని ఎవరో చెప్పారట. కాలేజీ చదువులు తెలుగులోకి వస్తాయని అప్పట్లో అనుకుంటున్నారు. అందుకని ఆయన పశ్చిమ దేశాల తత్వవేత్తల మీద, ఒక్కొక్కరికి ఒక్కో పరిచయం చొప్పున, తెలుగులో పుస్తకం రాస్తున్నారు. అచ్చుకు ఇచ్చేలోపల చదువురాని వాళ్ళకు చదివి వినిపించాలని ఆయన కోరిక. వాళ్ళకు అర్థమైతే కాలేజీ పిల్లలకు కూడా అర్థమవుతుందని ఆయన లెక్క. ఆ పిల్లల్ని అన్నేళ్ళు చూసిన మనిషి కదా, తెలిసే అని ఉంటారు.

మొదటి సాయంత్రం ఇసుకలో కూర్చుని చదివారు. ముందు వరసలో ఉన్న ముసలమ్మకు కూడా అలల చప్పుడు తప్ప ఇంకేమీ వినపడలేదు. మర్నాడు పొద్దున ఆయన పాట దగ్గరకు వచ్చి, నేను అరుస్తుంటే చాలాసేపు విన్నారు. జనం వెళ్ళిపోయాక దగ్గరకు వచ్చారు.

"అమ్మా, సాయంత్రం నేను చెప్పే మాటల్ని నువ్వు మళ్ళీ గట్టిగా చెప్పగలవా?"

"ఎవురి మాటలు సామీ?"

"పడమటి దేశాల్లో పెద్ద పెద్దవాళ్ళ మాటలు."

మాకు పడమర అంటే కాలవ అవతల, ఉదయగిరి కొండల దాకా. ఆ వైపు వాళ్ళు మరీ అంత కష్టమైన మాటలేం చెప్పి ఉంటారులే అనుకుని ఒప్పుకున్నాను.

ఆ సాయంత్రం అయ్యవారు ఒక వాక్యం చదివి ఆగేవారు, నేను దాన్ని అందుకుని అరిచేదాన్ని. ఎప్పుడో రెండువేల ఏళ్ళకు పైబడిన మాట. మాలాగే సముద్రపొడ్డున ఉండే ఒకాయన, లోకంలో అన్నిటికీ మూలం నీళ్ళే అన్నాడట. మా వాళ్ళకు ఆ మనిషి వెంటనే నచ్చాడు. అయ్యవారు ఊపిరి కోసం ఆగారు. ఆగితే నా నోరు ఊరుకోదు.

"నీళ్ళు. ఒకటోసారి. నీళ్ళు. రెండోసారి."

జనం గొల్లుమన్నారు. అయ్యవారు ఊపిరి తీసుకుని, తర్వాత వచ్చిన ఇంకొకాయన గాలి అన్నాడని చదివారు.

"గాలి అంటండారు. గాలి ఒకటోసారి."

ఆ తర్వాతి ఆయన నిప్పన్నాడు. నిప్పు దగ్గర పాట ఆగింది. ఇంకెవరన్నా ఉన్నారా అని నేను అలవాటుగా జనం వంక చూశాను. ఎండుచేపలు అమ్ముకునే ముసలమ్మ చెయ్యెత్తింది.

"ఉప్పని చెప్పమ్మే. ఉప్పెయ్యకుంటే ఏదీ నిలవదు."

అయ్యవారు నవ్వీ నవ్వీ దగ్గు తెచ్చుకున్నారు. కోప్పడకపోగా కాగితం అంచున ఏదో రాసుకున్నారు. ఆయన ఆ రోజే నన్ను కసిరి ఉంటే బాగుపడేదాన్ని.

ఇది రాసుకుంటున్న మా మనవరాలు వాళ్ళ పేర్లు చెప్పమని ఇక్కడ ఆగింది. అయ్యవారు అన్ని పేర్లూ చెప్పారు, నేను అన్నిటినీ అరిచాను. మర్నాటికి ఒక్కటీ నా దగ్గర మిగల్లేదు.

ఆ తర్వాత రోజురోజుకూ జనం పెరిగారు. అయ్యవారి పుస్తకం కోసం వస్తున్నారని అయ్యవారు అనుకున్నారు. నా కోసమని నేను అనుకున్నాను. ఒకాయన ఏటిలో దిగిన నీళ్ళలోనే మళ్ళీ దిగలేమన్నాడంటే మా వాళ్ళు ఆశ్చర్యపోలేదు. పెన్న సముద్రంలో కలిసే చోటు ఏటా పక్కకు జరుగుతుండడం చూసినవాళ్ళే అందరూ. ఇంకొకాయన అసలు ఏదీ కదలదని, కదిలినట్టు మనకు అనిపిస్తుందంతేనని అన్నాడట. అది అరిచి, నా సొంతంగా ఇంకొకటి తగిలించాను.

"ఏదీ కదలదంట. మా మరిదిని చూసి చెప్పినట్టుండాడు."

మరిది తప్ప అందరూ నవ్వారు.

అప్పటినుంచి నా వాలకం ఏం చెప్పమంటారు. సాయంత్రానికి ఉతికిన కోక కట్టేదాన్ని. మిరియాల కషాయం తాగి గొంతు సవరించుకునేదాన్ని. కూరలో ఉప్పెక్కువైందని ఇంట్లో ఎవరన్నా అంటే, ఎక్కువైంది కూరలోనా నీ నాలుక మీదా అని అడిగేదాన్ని. ముందు వరసలో కూర్చుంటే నా నోటి తుంపర పడుతుందని ఆడవాళ్ళు పేచీ పెట్టారు. అది కూడా నా గొప్పేనని మురిసిపోయాను.

అయిదో రోజు పరిచయం ఒక ముసలాయనది. ఊళ్ళో కనిపించిన వాళ్ళందర్నీ ఆపి ప్రశ్నలడిగేవాడు. తెలుసు అనుకునేవాళ్ళకు నిజంగా తెలియదని వాళ్ళ చేతనే ఒప్పించేవాడు. తనకు మాత్రం తెలుసని ఎప్పుడూ అనలేదు, తనకు తెలియదన్న సంగతి తనకు తెలుసునని అన్నాడట. చివరికి ఊరివాళ్ళు విషం తాగమన్నారు, తాగాడు. అయ్యవారికి ఆయనంటే ప్రాణమని చదివే తీరులోనే తెలిసింది. ఆ రోజు ఛాతీ పట్టేసి ఉన్నా ఆగకుండా చదివారు. ఆ మాటల్ని ఉన్నవి ఉన్నట్టు చెప్పడం నాకు చేతకాక కాదు. నవ్వు కోసం నోరు దురద పెట్టింది.

"ఈయనకేమీ తెలీదంట. తనే ఒప్పుకున్నాడు. ఏమీ తెలీకుండా ఊరందర్నీ సతాయిస్తావుంటే విషం తాపినారు. మన పల్లెలో అయితే ఆ నీళ్ళలోనే ముంచేసి ఉందురు, విషం ఖర్చు మిగిలేది."

ఒడ్డంతా నవ్వులే. అయ్యవారు చెయ్యెత్తి ఏదో అన్నారు. ఇంకోసారి అన్నారు. పెదవులు కదలడం కనిపించింది గానీ మాట ఎవరికీ వినపడలేదు. నాకు కూడా వినపడలేదు, నేనూ నవ్వుతూనే ఉన్నాను. అక్కడ ఆయనకున్న గొంతు నాదొక్కటే. అది ఆయన మాట చెప్పడం మానేసింది. ఆయన కాగితాలు మడిచి సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయారు.

మర్నాడు పొద్దున కవళ్ళ చేపల కుప్ప దగ్గర పాట జరుగుతోంది. సైకిలు మీద చేపలమ్మే ఒకతను అడిగిన మాట నేను అరిచి చెప్పాను. అతను తల గోక్కున్నాడు.

"నేనడిగింది అంతేనా, నువ్వేమన్నా కలిపినావా అక్కా?"

తమాషాకే అన్నాడు. మా మరిది మాత్రం చేతులు విప్పి ముందుకొచ్చాడు.

"అదే నేనూ అడగతండా. రాత్రి అయ్యోరు ఒకటి చెప్తే మా వదిన ఇంకోటి చెప్పింది. చచ్చిపోయినోడి మాటే మార్చేసింది, బతికుండే మనం ఎంత?"

ఊరి పెద్దాయన తెప్ప మీద కూర్చుని చుట్ట కాలుస్తున్నారు. నావైపు చూశారు.

"అవునామ్మే?"

అవునన్నాను. కాదనడానికి ఊరంతా విని ఉంది కదా.

"సరే. ఈ సాయంత్రం అయ్యోరు చెప్పింది చెప్పినట్టు చెప్పు. మాట కలిపినా, తగ్గించినా రేపట్నించి కుప్పకాడ నీ మరిది నిలబడతాడు. తప్పిందో లేదో అయ్యోరే చెప్తారు."

పని పోతే పస్తులుంటానని కాదు నా భయం. గంప ఎత్తుకుని ఇందుకూరుపేట దాకా నడిచి చేపలమ్మితే నా తిండికి లోటుండదు. పొద్దున్నే ఆ కాసేపు ఊరు ఊరంతా నా నోటివైపు చూస్తుంది. మా ఆయన ఉన్నప్పుడు ఆయన కూడా నన్ను అంత శ్రద్ధగా చూడలేదు. అది పోతుందని భయం.

మధ్యాహ్నం అయ్యవారి గుడిసెకు వెళ్ళి, సాయంత్రం రండి సామీ అని బతిమాలాను. నిన్నటి మాట ఎత్తుతారేమోనని గుమ్మంలోనే నిలబడ్డాను. ఆయన ఎత్తలేదు. వస్తానన్నారు.

మొదటి సగం బాగానే గడిచింది. ఒకాయన అన్నిటినీ అనుమానించాడట. కళ్ళు మోసం చేస్తాయి, కలలో చూసిందీ నిజమే అనిపిస్తుంది, కనక ఏదీ నమ్మనన్నాడు. అనుమానిస్తున్న తను ఒకడు ఉన్నాడన్నది మాత్రం అనుమానించలేకపోయాడు. మా మరిది పేరు నా నాలుక చివరకు వచ్చింది. పళ్ళు బిగించి మింగేశాను.

తర్వాతి ఆయన పరిచయంలో వాక్యాలు పొడుగయ్యాయి. అయ్యవారు ఒకటి మొదలుపెట్టారు. మనకు కనపడే వస్తువు మనకు కనపడే తీరులోనే మనకు తెలుస్తుంది తప్ప, మనం చూడనప్పుడు అది తనంతట తానుగా ఎలా ఉంటుందో తెలుసుకునే శక్తి మన బుద్ధికి లేదని, లేదని గుర్తించే శక్తి మాత్రం ఆ బుద్ధికే ఉందని... ఇంకా ఉంది. పెద్దవల లాగుతున్నట్టే ఉంది. ఈ కొస నా చేతికి వచ్చినా ఆ కొస ఇంకా సముద్రంలోనే ఉంది. ఆయన ఆగేసరికి నా దగ్గర సగం వాక్యం కూడా లేదు.

పాట దగ్గర అరిచేవాళ్ళు మళ్ళీ చెప్పమని అడగకూడదు. అడిగితే చెవి పోయిందంటారు. నేను ఒక్కసారి కూడా అడిగి ఎరగను. ఏదో ఒకటి అతికించి అరిస్తే అక్కడ ఎవరికీ తెలియదు. తెలిసేది అయ్యవారికే, ఆయన మెత్తటి మనిషి, బయటపెట్టరు. అది కూడా నాకు తెలుసు. మా మరిది నన్ను చూడడం మానేసి అయ్యవారి మొహమే చూస్తున్నాడు.

"అయ్యోరా, అందలేదు. నా కాడ సగమే ఉండాది. మళ్ళీ చెప్పండి."

"చూసినారా," అన్నాడు మరిది. "వినపళ్ళేదంట."

అయ్యవారు ఆ వాక్యాన్ని మూడు ముక్కలు చేసి చెప్పారు. నేను మూడు ముక్కలూ అరిచాను. తర్వాతి వాక్యానికీ అడిగాను. ఆ తర్వాతి దానికీ అడిగాను. నేను అడిగిన ప్రతిచోటా ఆయన కాగితం మీద పెన్సిలుతో గీత గీసుకున్నారు. జనం ఇసుక దులుపుకుంటూ ఒక్కొక్కరే లేచి వెళ్ళారు. నా నోటి తుంపర మీద పేచీ పెట్టిన ఆడవాళ్ళకు కూర్చోడానికి కావలసినంత చోటు దొరికింది, వాళ్ళూ వెళ్ళిపోయారు. చివరికి అయ్యవారు, మరిది, నేను, గురక పెడుతున్న పెద్దాయన, ఒక కుక్క మిగిలాం.

చదవడం ఆగగానే పెద్దాయనకు మెలకువ వచ్చింది.

"అయ్యోరా, మాట తప్పిందా?"

"ఈరోజు తప్పలేదు. ఎవరూ నవ్వలేదు చూడండి, నేను రాసింది రాసినట్టు వెళ్ళిందనడానికి అదే గుర్తు."

పెద్దాయన మా మరిది వైపు తిరిగారు.

"ఇంత విసుగుపుట్టే సంగతిని ఒక్క మాట కలపకుండా చెప్పిందంటే దీని నోరు నమ్మొచ్చులేరా."

గెలిచాను. నిన్నటి ముసలాయన మాట మాత్రం గొంతుకు అడ్డంపడి ఉంది. దాన్ని ఇంకోసారి చెప్పమని అయ్యవారిని అడిగాను. ఆయన కాగితం చూడకుండా నెమ్మదిగా చెప్పారు. ఒడ్డున జనం లేరు కనక గుడిసెల వైపు తిరిగి అరిచాను.

"తెలుసనుకునేవోళ్ళకు తెలీదని ఆయన చూపించినాడు. తనకు తెలీదని తనకు తెలుసునన్నాడు. నిన్న నేను చెప్పింది ఆయన మాట కాదు. నా మాట."

ఒక గుడిసెలోంచి జవాబు వచ్చింది. "వినపడిందిలేమ్మే. పొయ్యి మీద కూడుండాది."

దక్షిణం కొసన ఉన్న గుడిసెలకు అందలేదేమోనని మళ్ళీ అరిచాను. ఉత్తరం వైపూ అరిచాను. మూడోసారికి గొంతు లోపల ఏదో చీరుకున్నట్టయింది. చాలమ్మా అని అయ్యవారు నా చెయ్యి పట్టుకుని ఆపారు.

పొద్దున కుప్ప ముందు నిలబడి నోరు తెరిస్తే గాలి తప్ప ఏమీ రాలేదు. అప్పుడు పాడైన గొంతు మళ్ళీ పూర్తిగా రాలేదు, ఇప్పటికీ ఇలాగే గీరుకుంటుంది. జనం నన్నూ మా మరిదినీ మార్చి మార్చి చూస్తున్నారు. పెద్దాయన నోట్లోంచి చుట్ట తీశారు.

"పని దానిదే. గొంతు వచ్చిందాకా అది విని నీ చెవిలో చెప్తాది, నువ్వు అరిచి చెప్పు. చెప్పింది చెప్పినట్టు."

మా మరిది వచ్చి నా పక్కన నిలబడ్డాడు. మొదటి కుప్ప నెత్తళ్ళు. ఒకామె అడిగింది. మరిది చెవి దగ్గర నోరు పెట్టి చెప్పాను. అతను ఏం అరిచినా కాదనడానికి నాకు గొంతు లేదు, ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. నా మొహం వంక ఒకసారి చూశాడు. తల ఇంకొంచెం వంచాడు.

"వినపళ్ళేదు వదినా. మళ్ళీ చెప్పు."

మళ్ళీ చెప్పాను.