దబ్బాకు వాసన పుదీనా

నా చిన్నప్పుడు జరిగిన సంగతి ఒకటి చెబుతాను, ఇలా దగ్గరకు జరిగి కూర్చోండి. ఆ ఫోను కాసేపు పక్కన పెట్టండమ్మా, నా గొంతు అంత పెద్దది కాదు. మొన్న మా మనవరాలు నర్సరీకి వెళ్ళి నల్ల కవర్లలో నాలుగు రకాల పుదీనా మొక్కలు తెచ్చింది. ఒకటి చాక్లెట్ వాసనట, ఒకటి అనాసపండు వాసనట. నా కళ్ళు మూయించి, ఒక్కో ఆకూ నలిపి ముక్కు దగ్గర పెట్టి పరీక్ష చేసింది. మూడు చెప్పాను. నాలుగోది నలిపేసరికి మాట ఆగిపోయింది. అది దబ్బాకు వాసన. ఎందుకు ఆగిపోయానో ఆ పిల్లకు చెప్పలేదు, మీకు చెబుతాను.

నాకప్పుడు ఎనిమిదో ఏడు. మాది పాలకొల్లుకు దిగువన, పంట కాలువ గట్టు మీద ఊరు. ఆ ఏడు మాఘమాసంలో మా అమ్మ పచ్చకామెర్లతో పోయింది. అమ్మ కాపురానికి వచ్చినప్పుడు సారెతో పాటు, తడిగుడ్డలో చుట్టిన ఒక పుదీనా కాడ కూడా తెచ్చుకుందట. మా తాతయ్య, అంటే అమ్మ నాన్న, కడియం దగ్గర ఒక మొక్కల తోటలో పనిచేసేవాడు. అంటు కట్టడంలో ఆయన చెయ్యి మంచిదని పేరు. ఇంటి పెరట్లో మాత్రం పగిలిన కుండల్లో పుదీనాలే పెంచేవాడు. ఒక కుండలోది కర్పూరంలా ఉండేది, ఒకటి మగ్గిన జామపండులా, ఇంకొకటి మిరియంలా ముక్కులో గుచ్చుకునేది. అమ్మకు ఇచ్చింది మాత్రం దబ్బాకు వాసనది. మజ్జిగలో నలిపి వేసుకుంటామే, అచ్చం ఆ వాసనే. ఆకు మామూలు పుదీనాలా ముడతలు పడి ఉండదు, నున్నగా ఉంటుంది, అంచు చుట్టూ వంగపండు రంగు దారం కుట్టినట్టు ఉంటుంది.

అమ్మ దాన్ని ఒక చిట్లిన కుడితి గోలెంలో, ఇంటి పక్క గోడ వారన వేసింది. పచ్చడికి కోయనిచ్చేది కాదు. తలంటుకున్న రోజున మరువంతో పాటు ఒక రెమ్మ జడలో పెట్టుకునేది. ఒళ్ళో తల పెట్టుకుంటే ఆ వాసనే. అమ్మ మొహం నాకిప్పుడు సరిగా గుర్తు లేదు, దాచడం ఎందుకు. వాసన మాత్రం పోలేదు.

అమ్మ పోయాక నాన్నకు అక్క, మా మేనత్త, వచ్చి ఇల్లు చూసుకునేది. గోలెంలో మొక్క ఎండలకు పలచబడిపోయింది. ఇది కూడా పోతుందేమోనని నాకు ఒకటే దిగులు. సంతలో కొన్న పుదీనా కట్టలో ఆకు వలిచేసి, మిగిలిన కాడలు తడిమట్టిలో గుచ్చడం మా వైపు ప్రతి ఇంట్లో ఉన్నదే. పారేయడానికి మనసొప్పదు. అత్త పక్కన పెట్టిన కాడలన్నీ తీసుకెళ్ళి నేను అమ్మ గోలెంలో గుచ్చాను. తోడుంటే బతుకుతుందనుకున్నాను. తొలకరి పడేసరికి గోలెం అంచులు దాటి పొంగింది. అమ్మ మొక్కను నేనే బతికించానని లోలోపల ఎంత మురిసిపోయానో.

శ్రావణంలో మొదలైంది. అత్త దీపం వెలిగించే వేళకు వీధి గుమ్మంలో దబ్బాకు వాసన వచ్చేది. అక్కడితో ఆగేది కాదు. నట్టింట్లోంచి నడిచి, వంటింటి గడప దగ్గర కాసేపు నిలబడి, మెల్లగా పలచబడిపోయేది. అమ్మ తిరిగే దారే అది. మొదటిరోజు ముగ్గురం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. మూడోరోజుకి అత్త గరిటె కింద పెట్టేసింది.

"పోయి ఆరు నెలలైంది. ఇంకా నా వంట ఎలా ఉందో చూసిపోతోందిరా తమ్ముడూ, మా మరదలు. బతికున్నప్పుడూ ఇంతే, నా పులుసులో ఉప్పు ఎక్కువని మొహం మీదే అనేది," అంది. నవ్వించడానికే అంది కానీ ఎవరం నవ్వలేదు. నాన్న కంచం ముందు నుంచి లేచిపోయాడు. ఆనాటి నుంచి రాత్రిపూట ఆయన రెండు ముద్దలు కూడా సరిగా తినలేదు.

నా సంగతి చెప్పాలంటే, భయమూ వేసేది, ఆ వేళ ఎప్పుడవుతుందా అని కాచుకునీ ఉండేదాన్ని. ఒకనాడు వాసన నా పక్కనుంచి వెళుతుంటే చిన్నగా "అమ్మా" అన్నాను. అత్త పరుగున వచ్చి నా నోరు మూసింది.

చివరికి ఎవరో పెద్దవాళ్ళు చెప్పారట. ఆమెకు ఇష్టమైనదేదో ఇంట్లో ఉండిపోయింది, అమావాస్యలోపు దాన్ని పారే నీళ్ళలో వదిలేయమని. ఇష్టమైనది ఏంటో మా ఇంట్లో అందరికీ తెలుసు. కాకపోతే పుట్టింటి నుంచి వచ్చిన మొక్కను పుట్టింటివాళ్ళే తమ చేత్తో తీయాలని అత్త పట్టుబట్టింది. నాన్న తాతయ్యకు కబురు పంపాడు. అమ్మ రెండోసారి పోతోందని నాకు అర్థమైంది. అన్నం మానేసి గోలెం పక్కనే కూర్చున్నాను.

అమావాస్య ముందురోజు పొద్దున్న బస్సులో తాతయ్య వచ్చాడు. నాన్న ఆయనతో సంగతంతా చెప్పి, తల దించుకుని పొలం వెళ్ళిపోయాడు. తాతయ్య గోలెం ముందు గొంతుక్కూర్చుని ఒక ఆకు నలిపాడు. ఇంకొకటి నలిపాడు. నా వైపు తిరిగాడు.

"చుట్ట కాల్చీ కాల్చీ నా ముక్కు చెడిపోయింది బుల్లీ. కళ్ళు మూసుకో. ఆకు చూడకూడదు, చూస్తే కళ్ళు నీకు అబద్ధం చెప్పేస్తాయి. ఇదేంటి?"

"పచ్చడి పుదీనా తాతయ్యా."

"ఇదీ?"

"ఇదీ పచ్చడే."

మూడు ఆకులయ్యాక ఆపించాడు. మూడు దాటితే ముక్కుకు అన్నీ ఒకటే అనిపిస్తాయట. మోచేతి మడతలో ముక్కు పెట్టి, సొంత ఒంటి వాసన పీల్చుకుని, వేళ్ళు మట్టితో రుద్దుకుని, మళ్ళీ మొదలుపెట్టమన్నాడు. అలా మధ్యాహ్నం దాకా గోలెం మొత్తం రెమ్మ రెమ్మగా చూశాం. దబ్బాకు వాసన ఒక్క రెమ్మకు కూడా లేదు. అంతా సంత పుదీనాయే. అప్పుడు ఏడుస్తూ కాడలు గుచ్చిన సంగతి చెప్పేశాను. అమ్మ మొక్కను నేనే చంపేశానన్నాను.

తాతయ్య కోప్పడలేదు. "ఆ సంతది గయ్యాళి తల్లీ, పక్కదాన్ని నిలవనివ్వదు. నువ్వు తోడు అనుకుని తెచ్చావు, అది సవతై కూర్చుంది. పుదీనాకి ఒక్కో కుండకీ ఒక్కటే కాపురం. పెద్దదానివయ్యాక గుర్తుపెట్టుకో."

అని ఆగిపోయాడు. గోలెంలో ఆ మొక్కే లేకపోతే, రోజూ దీపాల వేళ ఆ వాసన ఎక్కడిది? అది ఆయనకూ నాకూ ఒక్కసారే తట్టింది. ఆయన మొహం పాలిపోయింది. పోయింది ఆయన కూతురు కదా. గోలెం అంచు పట్టుకున్నాడు. పట్టపగలు, ఎర్రటి ఎండలో, నేను ఆయన పక్కకు జరిగాను.

ఆయన నా తల నిమిరాడు. "ముందు వేరు వెతుకుదాం. వేరు దొరక్కపోతే అప్పుడు భయపడదాం, ఇద్దరం కలిసి."

గోలెం కాస్త ఒరగదీస్తే అడుగున చిట్లు కనిపించింది. ఆ చిట్లులోంచి వంగపండు రంగు తీగ ఒకటి బయటకు పాకి ఉంది. పుదీనా అంత తొందరగా చావదట, చోటు చాలకపోతే తడి వెతుక్కుంటూ పోతుందట. అట్లకాడతో మట్టి జరుపుకుంటూ గోడ వెంట వెళ్ళాం. తీగ ఇటుకల కిందికి దూరి కనపడకుండా పోయింది. "ఇక నీ ముక్కే దిక్కు," అన్నాడు తాతయ్య. మోకాళ్ళ మీద పాకుతూ నేలను వాసన చూశాను. పేడ, తడి ఇటుక, నాచు. వీధి వాకిట్లో కాళ్ళు కడుక్కునే రాయి దగ్గరకు వచ్చేసరికి కళ్ళకంటే ముందు ముక్కుకు తెలిసిపోయింది. రాతికీ నేలకీ మధ్య సందులో, వేలి గోరంత ఆకులు, సగం నలిగి, మట్టికి అంటుకుని ఉన్నాయి. తాతయ్య వాటిని తాకలేదు. సాయంత్రం దాకా ఎవరికీ చెప్పవద్దని, తన పక్కన అరుగు మీద కూర్చోమని అన్నాడు.

ఆ రాతి మీద కాళ్ళు కడుక్కునేది మా ఇంట్లో నాన్న ఒక్కడే. మేమంతా పెరట్లో నూతి దగ్గర కడుక్కుంటాం. వానాకాలం పని మొదలైన దగ్గర్నుంచి ఆయన ఇంటికి వచ్చేసరికి చీకటి పడేది. ఆరోజూ వచ్చాడు. చెంబుతో నీళ్ళు పోసుకున్నాడు, మడమ రాతి వారన వేసి మట్టి వదిలేలా రుద్దాడు. గాలి ఒక్కసారి మారిపోయింది.

లోపల్నుంచి అత్త కేక వేసింది. "వచ్చిందిరా! ఇంకా గుమ్మంలోనే ఉంది!"

నాన్న తలెత్తలేదు. "తీసేశారా మామయ్య గారూ?"

"తీయలేదండి అల్లుడు గారూ. ఒకసారి ఆ కాలు ఎత్తి చూసుకోండి."

నాన్న కాలు ఎత్తాడు. తడి మడమకు ఆకు అంటుకుని ఉంది. తీసి వేళ్ళ మధ్య నలిపాడు. ఇంతలో అత్త దీపం పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. తాతయ్య ఆవిడతో చాలా మెల్లగా అన్నాడు. "మా అమ్మాయి రాలేదమ్మా. మీ తమ్ముడు గారే రోజూ మోసుకొస్తున్నారు."

నాన్న ఆ తడి రాతి మీదే కూలబడిపోయాడు. అమ్మ పోయిననాడు కూడా ఏడవని మనిషి ఆరోజు ఏడ్చాడు. అత్త దీపం కింద పెట్టి, కొంగుతో ఆయన మొహం తుడుస్తూ, "నా పులుసుకి ఇక వంక పెట్టేవాళ్ళే లేరురా," అని తనూ ఏడ్చింది. ఆ రాత్రి నాన్న కడుపునిండా తిన్నాడు.

మర్నాడు తాతయ్య ఆ సందులోంచి ఒక్క కణుపు తుంచి, కొత్త కుండలో వేసి నా చేతికిచ్చాడు. పూమొగ్గ కనబడితే గిల్లేయమన్నాడు, గింజ రాలితే వేరే వాసనవి లేస్తాయట. తీగ ముక్క గుచ్చితే మాత్రం అదే మొక్క, ఎన్నేళ్ళయినా అదే. రాతి కింద మొక్కను నాన్న తీయనివ్వలేదు. ఆ రాతి మీద ఇంకెవరినీ కాలు పెట్టనిచ్చేవాడు కాదు. తను మాత్రం రోజూ కాళ్ళు కడుక్కున్నాక, ఎడమ మడమ ఆ సందులో ఒక్కసారి, పసిపిల్లను నిమిరినట్టు ఆనించి లోపలికి వచ్చేవాడు.

ఇంకొక్క మాట ఉంది. ఇది ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పలేదు. ఆ కార్తీకంలో నాన్న పనిమీద జంగారెడ్డిగూడెం వెళ్ళి నాలుగు రోజులు రాలేదు. రెండోనాటి సాయంత్రం అత్త దీపం వెలిగిస్తుంటే వాసన వచ్చింది. గుమ్మంలో మొదలై, నట్టింట్లోంచి నడిచి, వంటింటి గడప దగ్గర నిలబడింది. అత్త నన్ను చూసింది, నేను అత్తను చూశాను. నేను లేచి వాకిట్లోకి వెళ్ళాను. రాయి పొడిగా ఉంది. ఆకులు ఒక్కటీ నలగలేదు. లోపలికి వచ్చి, గడపకు కాస్త పక్కకు జరిగి, దారి వదిలి కూర్చున్నాను. అత్త పులుసులో ఉప్పు చూసుకుంది.

అప్పటి నుంచీ నాకు అదే అలవాటైపోయింది. ఇంట్లో ఏ భయం వచ్చినా ముందు మోకాళ్ళ మీద వంగి వేరు వెతుకుతాను. చాలావాటికి దొరుకుతుంది, ఎవరో మనవాళ్ళ మడమ కిందే దొరుకుతుంది. దొరకనిదాన్ని తరమను. కాస్త జరిగి చోటిస్తాను.

పొద్దుపోతోంది, ఇక లేవండి. మీ వాకిట తడి ఆరకూడదు, మీ పొయ్యి మీద పులుసుకు వంక పెట్టే మనుషులు నిండు నూరేళ్ళూ మీ మధ్యే ఉండాలి. మీ ఇల్లు చల్లగా ఉండాలి తల్లీ.