వరస ఆరు వణకదు

పోయిన ఆదివారం పొద్దున మా సార్ పోయారు. జ్వరమని ఊరి నుంచి భద్రాచలం దవాఖానాకు తీసుకొస్తుంటే దారిలోనే ప్రాణం పోయిందని ఆయన కోడలు ఫోన్ చేసి చెప్పింది. ఖమ్మంలో ఆయన డీజిల్ మెకానిక్ పాఠాలు చెప్పిన ఐటీఐ వాళ్ళు నోటీసు బోర్డు మీద ఒక కాగితం అంటించారు. "ఎవరితోనూ గొడవపడని సౌమ్యుడు" అని రాశారు. నేను ఒప్పుకోను. ఆయన గొడవపడ్డారు. నా కోసమే పడ్డారు.

మా బ్యాచ్‌లో ఆడపిల్లను నేనొక్కదాన్నే. మొదటి రోజు సార్ నా చేతిలో స్పానర్ పెట్టి, "నట్టుకు నువ్వు ఆడో మగో తెల్వదు బిడ్డా" అన్నారు. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. ఇంజన్ స్టార్ట్ కాగానే దాని మీద అరచెయ్యి ఆనించి కళ్ళు మూసుకునేవారు. చర్ల అవతల కోయపల్లెలో పుట్టి, చిన్నప్పుడు కావడి మోసిన మనిషి. పాఠం కూడా కావడితోనే చెప్పేవారు.

"ఆరు పిస్టన్లు ఒక్క వరసల ఉంటే ఒకటోది, ఆరోది కలిసి లేస్తయి. రెండూ అయిదూ గట్లనే, మూడూ నాలుగూ గట్లనే. ముందెంతో ఎనకంతే. కావడి ఊగదు. వి ఆకారంల అటు మూడు, ఇటు మూడు. మూడిట్ల జోడీ కుదరదు. ముక్కు లేస్తే తోక దిగుతది."

మరి ఎదురెదురుగా పడుకోబెట్టిన ఆరు ఎట్లా ఉంటుందని ఒకసారి అడిగాను. "అది గూడ నెమ్మదేనని పుస్తకంల ఉంది. నేను ముట్టి చూడలే. ముట్టనిదాని గురించి ఎక్కువ మాట్లాడ" అన్నారు.

చివరి పరీక్షలో బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ నన్ను ఆ కావడి పాఠమే అడిగాడు. ఆరు సిలిండర్ల ఇంజన్లలో ఏ రకం నున్నగా నడుస్తుందని. వరస ఆరు అన్నాను. ఆయన నవ్వి సున్నా వేశాడు. "కొత్త కార్లన్నిటికీ వి ఇంజన్లే వస్తున్నాయమ్మా. లారీలు చూసి చదువుకుంటే ఇంతే."

పక్క కుర్చీలోంచి సార్ లేచారు.

"పిల్ల చెప్పింది కరెక్ట్ సార్. వి ఇంజన్ పొట్టిగుంటది, బానెట్ల పడ్తది. అందుకే పెడ్తున్నరు."

"దానికి బ్యాలెన్స్ షాఫ్ట్ ఉంటుందయ్యా. వణుకు తెలియదు."

"అవ్, అణుస్తరు. వణుకు అణచుడు వేరే, లేకపోవుడు వేరే. ఆ సున్నా కొట్టెయ్యండి."

కొట్టెయ్యలేదు. ఆ మార్కులు తక్కువై నేను ఫెయిలయ్యాను. ప్రిన్సిపాల్ మా సార్‌ను క్షమాపణ రాసిమ్మన్నాడు. సార్ ఇచ్చిన కాగితంలో ఒక్క వాక్యమే ఉంది: "సరైన జవాబుకు క్షమాపణ ఉండదు." మర్నాడే ఆయన్ను క్లాసు నుంచి తీసేసి స్టోర్ రూములో కూర్చోబెట్టారు. నేను ఏడుస్తూ వెళ్ళి, నా వల్లనే కదా సార్ అన్నాను.

"ఏందే నీ వల్ల? మళ్ళ రాయి. అడిగితే మళ్ళ అదే చెప్పు."

ఆ స్టోర్ రూములో ఆరు నెలలు కూర్చుని, వెదురు గొట్టాలు సిలిండర్లుగా, టేకు ముక్కలు పిస్టన్లుగా, వంచిన ఇనుప కమ్మీ క్రాంకుగా రెండు ఇంజన్లు చేశారు. ఒకటి వరస ఆరు, ఇంకొకటి వి. నేను మళ్ళీ పరీక్షకు వచ్చిన రోజు, ఎవరూ పిలవకుండానే, రెండూ చంకన పెట్టుకుని హాల్లోకి వచ్చారు. అదే ఎగ్జామినర్. అదే ప్రశ్న. అదే జవాబు చెప్పాను.

సార్ మొదటిదాని పిడి తిప్పారు. పిస్టన్లు గబగబా ఆడాయి, బొమ్మ మాత్రం ఉన్నచోటే ఉంది. రెండోది తిప్పారు. అది ముక్కూ తోకా ఎగరేసుకుంటూ బల్ల అంచు దాకా పాకింది. కింద పడబోతుంటే ఎగ్జామినరే చెయ్యి చాపి పట్టుకున్నాడు. కాసేపు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. మార్కులు వేశాడు.

సార్‌కు క్లాసు తిరిగి ఇచ్చారు. తప్పయిందని మాత్రం ఎవరూ అనలేదు. ఆయన అడగనూ లేదు. "నువ్వు పాసైనవ్ గదా, నడువు" అన్నారు. ఇవాళ సత్తుపల్లిలో నా గ్యారేజీకి వచ్చే లారీ డ్రైవర్లు నా మాట మీద ఇంజన్ విప్పుతారు. ఆ నమ్మకం ఆయన పెట్టిందే.

అంత్యక్రియలయ్యాక ఆయన ఇంటికి వెళ్ళాను. సార్ భార్య, నేను అమ్మా అని పిలిచే ఆవిడ, వాకిట్లో ఆయన పని చొక్కా ఉతుకుతోంది.

"ఇప్పుడెందుకమ్మా?" అన్నాను.

"సోమవారం సోమవారం ఉతుకుతా" అంది తలెత్తకుండా. పిండి, దులిపి, దండెం మీద వేసింది. జేబు కింద నల్లటి నూనె మరక అట్లాగే ఉంది. చొక్కా చేతుల్లోంచి నీళ్ళు కారుతున్నాయి.