చల్లారాక చూడాల్సిన ముల్లు

ఆక్సిజన్ నింపే ఆ షెడ్డులో ఆమెను అందరూ వదిన అంటారు. సిలిండర్ల లారీ నడిపేది ఆమె మరిది. అతని పిలుపే అందరికీ అలవాటైంది. ఆమెకంటే పదేళ్లు పెద్దవాడైన వాచ్‌మన్ కూడా వదినా అనే పిలుస్తాడు.

ఇరవై ఆరేళ్లుగా ఆమె పని ఒకటే. గోడ వెంట పది సిలిండర్లు నిలబెట్టి, గొలుసు వేసి, ఒక్కోదానికి గొట్టం బిగిస్తుంది. వాల్వు తిప్పుతుంది. గ్యాసు లోపలికి పోతుంటే వరుస పొడవునా నడుస్తూ చెయ్యి తిప్పి, చేతి వెనకవైపు ఒక్కో సిలిండరుకూ ఆనిస్తుంది. కూరితే గ్యాసు వేడెక్కుతుంది. వెచ్చగా తగిలినది నిండుతోంది. చల్లగా తగిలిన దానికి ఏదో అడ్డుపడింది.

ఆ చేతులకు నూనె తగలకూడదు. ఒత్తిడి మీదున్న ఆక్సిజన్‌కు నూనె తగిలితే మంట అంటుకుంటుంది. అందుకే అవి ఎప్పుడూ పొడిబారి, పగుళ్లు పడి ఉంటాయి. పని రోజుల్లో ఇంట్లో వంట అత్తగారిదే. ఉద్యోగం పేరు చెప్పి వంట తప్పించుకున్న కోడలు తనకొక్కదానికే దొరికిందని ఆవిడ పొరుగువాళ్లతో అంటుంది. ఆ అనడంలో ఫిర్యాదు తక్కువ.

ఒత్తిడి చూపే గేజులో ముల్లు నూట యాభై గీతకు చేరగానే వదిన సిలిండరు విప్పదు. వాల్వు కట్టేసి స్టూలు మీద కూర్చుంటుంది. చల్లారే కొద్దీ ముల్లు దిగుతుంది. దిగినంత మళ్లీ నింపుతుంది. చల్లారాక కూడా ముల్లు నూట యాభై దగ్గరే నిలిస్తే, అప్పుడు తన గుర్తున్న రేకు బిళ్ల దాని మెడకు కడుతుంది. ఆమెకు ముందు పనిచేసినతను చూపించిన పద్ధతి అది. కాగితం మీద ఎక్కడా లేదు.

కొత్త సూపర్‌వైజరు ఆ కూర్చోవడం చూశాడు. ఆమె చెప్పబోయింది. ముల్లు కంటే నీకెక్కువ తెలుసా అని అడిగి, గీతకు చేరగానే విప్పమన్నాడు. ఒకటికి రెండుసార్లు చెప్పి చూసి ఊరుకుంది. బిళ్లలు కట్టడానికి చెయ్యి రాలేదు. కట్టింది.

నాలుగో రోజు పొద్దున్నే మరిది నిండు లోడుతోనే లారీ వెనక్కి తెచ్చాడు. ఆసుపత్రి స్టోరువాళ్లు గేజు పెట్టి చూశారట. నలభై సిలిండర్లలో ఒక్కటీ నూట నలభై దాటలేదు. వదినా మరిదీ కలిసి దారిలో గ్యాసు అమ్ముకుంటున్నారని అక్కడెవరో అన్నారు. సూపర్‌వైజరు ఆ మాటే పట్టుకున్నాడు. సాయంత్రంలోగా తప్పు ఒప్పుకుంటూ రాసివ్వకపోతే ఇద్దరూ రేపటి నుంచి రానక్కర్లేదన్నాడు.

మరిది లారీ మెట్టు మీద కూలబడ్డాడు. “నా సంగతి పోనీ వదినా. నీ బిళ్ల ఉన్న సిలిండరు వెనక్కి రావడం ఎప్పుడైనా చూశామా?”

ఆమె షెడ్డులోకి వెళ్లింది. సబ్బు నురగ తెచ్చి వెనక్కొచ్చిన వాటి వాల్వుల మీద రాసింది. ఒక్క బుడగా లేవలేదు, అంటే ఎక్కడా లీకు లేదు. తర్వాత ఒక ఖాళీ సిలిండరును సూపర్‌వైజరు చెప్పిన పద్ధతిలోనే చకచకా నింపి, దానికే చిన్న గేజు బిగించింది. ముల్లు నూట యాభై. గేజునూ వాల్వునూ కలిపి అతని చేతే పురికొస కట్టించి, ముడి వేయించింది.

“మీరే కాపలా ఉండండి సార్. నేను దూరంగా ఉంటా.”

అతను ఆమె స్టూలు మీద కూర్చున్నాడు. గంటన్నరకు ముల్లు నూట ముప్పై ఏడుకు దిగింది. ముడి వేసింది వేసినట్టే ఉంది.

“ఇదీ లీకేమో,” అన్నాడు, గొంతు కాస్త తగ్గించి.

ఆమె మరిదిని పిలిచింది. ఇద్దరూ సిలిండరును వాల్చి, అంచు మీద దొర్లిస్తూ ఎండలోకి చేర్చారు. గంట గడిచేసరికి ముల్లు కదిలింది. నూట ముప్పై ఎనిమిది. నలభై. నలభై రెండు దగ్గర ఆగింది.

“చూడండి సార్,” అంది వదిన. “నేను అమ్ముకున్న గ్యాసు ఎండలో పెడితే తిరిగొచ్చింది.”

వాచ్‌మన్ నవ్వు దాచుకోవడానికి గేటు వైపు తిరిగాడు. సూపర్‌వైజరు వంగి సిలిండరు మీద అరచెయ్యి పెట్టాడు. ఆమె తన చెయ్యి తిప్పి చూపించింది. అతనూ తిప్పి ఆనించాడు.

లోపలున్న గ్యాసు పెరగలేదు, తరగలేదు. వేడికి గోడలను గట్టిగా తోస్తుంది. చల్లబడితే ఆ తోపు తగ్గుతుంది. వేడి మీద గీత చూసి విప్పితే, రోగి మంచం పక్కకు చేరేసరికి అది నిండు సిలిండరు కాదు. ఆ కాస్త వెలితి కోసమే ఆమె ఇరవై ఆరేళ్లు స్టూలు మీద కూర్చుంది.

తప్పు ఒప్పుకుంటూ అతనే రాశాడు, ఆసుపత్రికి, తన పేరుతో. వదిన నలభై బిళ్లలూ విప్పింది. వెలితి నింపి, చల్లార్చి, మళ్లీ నింపి, తన చేత్తో కట్టింది. మర్నాడు వరుస ముందు ఆగి అతను అడిగాడు.

“వదినగారూ, ఇవి చల్లారాయా?”

“ఇంకా లేదు. కూర్చోండి.”

ఈ సంగతి ఆమె ఎవరికీ చెప్పదు. మరిది చెబుతాడు. చెప్పిన ప్రతిసారీ ఎండలో ముల్లు ఇంకాస్త పైకెక్కుతుంది. మొన్న భోజనాల దగ్గర వాళ్లమ్మ వింటుంటే ఏకంగా పది గీతలు ఎక్కించాడు. వదిన పళ్లేలు తీస్తూ ఒక్క మాట అంది.

“అయిదే.”