మూడో గది పచ్చబడింది

నా పదవీ విరమణకు ఇంకా మూడేళ్లుందనగా, ఏప్రిల్ మొదటి వారంలో, నన్ను హైదరాబాదు హెడ్డాఫీసు నుంచి నూజివీడుకు బదిలీ చేశారు. హోదా సీనియర్ సిస్టమ్స్ అడ్మినిస్ట్రేటర్. పనిచేయాల్సింది విస్సన్నపేట రోడ్డులో ఉన్న మా కంపెనీ మామిడి ప్యాక్‌హౌస్‌లో. తోటల నుంచి వచ్చిన బంగినపల్లి కాయను కడిగి, గ్రేడు చేసి, లారీ ఎక్కేదాకా చల్లని గదుల్లో ఉంచేవారు. గదులు ఐదు. ప్రతి గదీ పదమూడు డిగ్రీల దగ్గర ఉండాలి. అంతకన్నా వెచ్చబడితే కాయ గదిలోనే పండిపోతుంది, కొనేవాళ్లు తీసుకోరు. నేను పుట్టింది చాట్రాయిలో కాబట్టి సొంత ఊరి పక్కకు వచ్చానని తోటి ఉద్యోగులు అభినందించారు. నిజం చెప్పాలంటే, ముప్పై ఏళ్లుగా నేను మామిడిపండును ప్లేటులో ముక్కలుగా తప్ప చూడలేదు.

నా బాధ్యత మానిటరింగ్ ఏజెంట్లు. ఏజెంటంటే ప్రతి గది బయట ఉన్న కంప్యూటర్లో నడిచే చిన్న ప్రోగ్రాం. గదిలోని సెన్సార్ చెప్పే ఉష్ణోగ్రతను నిమిషానికోసారి చదివి నా టేబుల్ మీది కన్సోల్‌కు పంపుతుంది. అంతా సవ్యంగా ఉంటే ఆ గది పేరున్న గడి ఆకుపచ్చగా ఉంటుంది. వేడెక్కితే ఎరుపు. ఏజెంటు నుంచి కబురే రాకపోతే బూడిద రంగు. మొదటి రోజు ఇదంతా వివరిస్తుంటే గ్రేడింగ్ సెక్షన్‌లో వాళ్లు నవ్వు ఆపుకోలేకపోయారు. ఆ ప్రాంతంలో ఏజెంటంటే తోటకాయను అమ్మిపెట్టి కమీషను తీసుకునే మనిషి. "ఏజెంటు మాట నమ్మి ఎవరైనా బాగుపడ్డారా అండీ?" అంది నాగమణి. నేనూ నవ్వాను.

నాగమణి ఆ చల్లని గదుల అటెండరు. కాంట్రాక్టు మనిషి. అంతకుముందు పదిహేనేళ్లు తోటల్లో కూలికి వెళ్లి కాయలు ఏరింది. తలుపు తీయగానే వాసన చూసి ఏ వరస క్రేట్లు ముందు పంపాలో చెప్పేది. ఆ సీజను బాగా జరిగితే పర్మనెంటు చేస్తామని కంపెనీ ఆమెకు మాటిచ్చింది. కాకపోతే గది సెట్టింగు మార్చడానికి గానీ, సరుకు మరో గదిలోకి జరపడానికి గానీ ఆమెకు అధికారం లేదు. రోజూ గదులు చూసి సిస్టమ్స్ విభాగానికి, అంటే నాకు, ఫోన్లో చెప్పాలి. నేను సరేనంటేనే ఏదైనా. తలుపుల పక్కన పాత థర్మామీటర్లు ఉండేవి. ఒకే గదికి రెండు లెక్కలెందుకని వాటిని నేనే తీయించేశాను.

వేసవిలో అక్కడ కరెంటు పోవడం, జనరేటర్ అందుకోవడం మామూలే. ఆ మధ్యలో ఏజెంట్లు కాసేపు మూగబోయేవి. గడులు బూడిద రంగుకు తిరిగేవి, వెంటనే హెడ్డాఫీసుకు అలర్టు వెళ్లేది. రోజుకు పదీ పదిహేను అలర్టులు వెళ్తుంటే, ఇంత అనుభవం ఉండి ఇదేం నిర్వాకమని అక్కడి నుంచి ఒక మాట వచ్చింది. నాకు పౌరుషం పొడుచుకొచ్చింది. కబురు రాకపోతే ఆఖరుసారి వచ్చిన విలువనే చూపించమని కన్సోల్‌లో సెట్టింగు మార్చాను. ఎంతసేపు చూపించాలో రాసే పెట్టెలో పది నిమిషాలని వేయాలి. దాన్ని ఖాళీగా వదిలేశాను. ఖాళీ అంటే ఎప్పటికీ అని అర్థం. ఇలాంటి మార్పు ఏది చేసినా ఛేంజ్ రిజిస్టర్‌లో రాసి మేనేజరు సంతకం తీసుకోవాలి. రెండు రోజులు చూసి రాద్దామనుకుని మరిచిపోయాను. అలర్టులు సున్నాకు వచ్చాయి.

రెండు వారాల తర్వాత ఒక ఉదయం, అలర్టులు ఎలా తగ్గించానో హెడ్డాఫీసుకు వీడియో కాల్లో వివరిస్తున్నాను. నాగమణి ఫోన్ చేసింది. "సార్, మూడో గది పచ్చబడిందండీ" అంది. కన్సోల్ వైపు చూశాను. మూడో గది ఆకుపచ్చగా ఉంది, పదమూడు డిగ్రీలు. "ఇక్కడా పచ్చగానే ఉందమ్మా" అన్నాను. ఒకసారి వచ్చి చూస్తారా అని అడిగింది. మీటింగులో ఉన్నానని పెట్టేశాను. ఆ రోజంతా ఆ సంగతే మళ్లీ గుర్తు రాలేదు.

మర్నాడు పొద్దున లారీ వచ్చింది. మూడో గది తలుపు తీస్తే పండు వాసన గుప్పుమంది. క్రేట్లలో సగానికి పైగా కాయలు పసుపు రంగుకు తిరిగి, అడుగున ఉన్నవైతే మెత్తబడి ఉన్నాయి. కొనుగోలుదారుల ఇన్‌స్పెక్టరు రెండు క్రేట్లు చూసి కాగితం మీద అడ్డగీత గీసేశాడు. నా గడి అప్పటికీ ఆకుపచ్చగానే ఉంది. పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనిపిస్తుందంటారు. నాకు వచ్చిన జబ్బుకు పేరు అదే.

ఏజెంటు పాడైతే కుర్రవాళ్లు చేసే మొదటి పని దాన్ని ఆపి మళ్లీ నడపడం. అలా చేస్తే పనిచేస్తుంది గానీ ఆధారాలు పోతాయి. నేను ముందు దాని స్థితి చూశాను. నడుస్తున్నట్టే ఉంది. అది తన పనులు రాసుకునే లాగ్ ఫైలు తెరిచాను. ఆఖరి వాక్యం మూడు రోజుల కిందటిది. ఆ రోజు కరెంటు పోయి జనరేటర్ అందుకున్న క్షణంలో సెన్సార్‌తో సంబంధం తెగింది. జవాబు కోసం ఎదురు చూస్తూ ఏజెంటు అలాగే ఉండిపోయింది. అదే క్షణంలో గదిలోకి చల్లగాలి తోసే ఫ్యాను కూడా ట్రిప్పయి ఆగిపోయింది. గ్రాఫు చూస్తే మూడు రోజులుగా స్కేలు పెట్టి గీసినట్టు ఒకటే గీత. తలుపులు తీసి మూసే గదిలో అలాంటి గీత రాదని కొత్తగా చేరినవాడికైనా తెలుస్తుంది. గడి మరి బూడిద రంగుకు ఎందుకు తిరగలేదని సెట్టింగులు తెరిచాను. ఖాళీ పెట్టె కనిపించింది. తల కొట్టేసినట్టయింది.

నాగమణి అన్న మాట నాకు సరిగ్గా అప్పుడే అర్థమైంది. మా నాన్న గడ్డిలో మాగేసిన కాయల్ని తిరగేస్తూ "ఇవి పచ్చబడ్డాయి, పైకి తీయండి" అనేవాడు. పచ్చబడటమంటే పసుపు రంగుకు తిరగడమని నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. ముప్పై ఏళ్లు అలాంటి గడుల ముందు కూర్చుని, పచ్చ అంటే ఒకే రంగనుకునే స్థితికి వచ్చాను.

మధ్యాహ్నం విచారణ జరిగింది. మా మేనేజరు మహారాష్ట్ర నుంచి వచ్చినాయన, తెలుగు రాదు. సాఫ్ట్‌వేర్లో లోపం వస్తుంది సరే, మనిషి చూడాలని నియమం పెట్టింది అందుకే కదా, అటెండరు ఏం చెప్పింది అని ఇంగ్లీషులో అడిగారు. ఫోన్లో ఆమె మాటను తప్పుగా అర్థం చేసుకోవడం పొరపాటు. దాన్ని పొరపాటనే అంటాను. ఈసారి మాత్రం తెలిసే చెప్పాను, గ్రీన్ అని చెప్పిందని. నా సెట్టింగు మాట ఎత్తలేదు.

నాగమణికి ఇంగ్లీషు రాదు, కానీ ఆ ఒక్క మాట తెలుసు. "గ్రీన్ అనలేదండీ. పచ్చబడిందన్నాను. మీదీ ఈ పక్కేగా సార్, మీకు తెలీదా?" అంది. ఆమె ఏమంటోందని మేనేజరు నన్నే అడిగారు. అదే మాట మళ్లీ చెప్తోందన్నాను. ఆయన రాసుకున్నారు. గది చూడకుండానే బాగుందని చెప్పిందని ఆమె మీద తేలింది. ఆ సాయంత్రమే కాంట్రాక్టరు ఆమె గేటు పాసు తీసేసుకున్నాడు.

నేను సెట్టింగు సరిచేశాను, థర్మామీటర్లు మళ్లీ పెట్టించాను, లోపం సవరించామని హెడ్డాఫీసుకు రాశాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే, అదీ కాలింది నా చేతులు కావు. పది రోజులకు చాట్రాయి దగ్గర ఒక తోటలో ఆమె కాయలు ఏరుతోందని తెలిసి వెళ్లాను. తప్పు నాదని చెప్పాను. మళ్లీ పని ఇప్పిస్తానన్నాను. ఆమె చేతిలో కాయ కిందపెట్టలేదు. "నాకు చెప్పడం దేనికండీ, నాకు తెలిసిందేగా. ఇంగ్లీషులో చెప్పారు కదా, ఇంగ్లీషులోనే దిద్దండి" అంది.

ఆ రాత్రే మేనేజరుకు ఉత్తరం టైపు చేశాను. పంపలేదు. పింఛను దగ్గర పడినవాడి భయం అది, దానికి ఇంకో పేరు పెట్టను. సీజను అయ్యాక మేనేజరు బదిలీ అయ్యారు. ఆ పైన పదవీకాలం ముగిసి నేనూ దిగిపోయాను.

ఈ వృత్తిలోకి వచ్చేవాళ్లకు నేను చెప్పగలిగింది ఇంతే. ఏజెంటు నుంచి కబురు రాకపోవడం కూడా ఒక కబురే, దాన్ని దాచే సెట్టింగు పెట్టకండి. గదిలో నిలబడ్డ మనిషి ఫోన్ చేస్తే తెర చూడకండి, లేచి వెళ్లండి. కంపెనీ రికార్డులో నాగమణి గ్రీన్ అందనే ఉంది. ఆమె అన్నది పచ్చబడిందని. దిద్దుబాటు ఇదే, దీన్ని కూడా నేను తెలుగులోనే రాస్తున్నాను.